విశాఖ శివార్లలో అద్దె ఫ్లాటు: వెతకడం మొదలు అడ్వాన్సు తిరిగి తీసుకునే దాకా

కూర్మన్నపాలెంలో మేం అద్దెకు దిగిన మూడో రోజున కందిపప్పు ఉడకలేదు. కుక్కరు ఆరు కూతలు కూసినా మూత తీస్తే పప్పు పలుకు పలుకుగానే ఉంది. పక్క ఫ్లాటు పిన్నిగారు వచ్చి చూసి, "బోరు నీళ్లతో పెట్టావేటమ్మా? ఇక్కడ పప్పుకి కుళాయి నీళ్లే పట్టుకోవాల" అన్నారు. ఆ ఫ్లాటును మేం రెండుసార్లు చూశాకే అడ్వాన్సు ఇచ్చాం. టైల్స్ చూశాం, కప్‌బోర్డులు చూశాం, బాల్కనీలో నిలబడి గాలి బాగా వస్తోందని మురిసిపోయాం. కుళాయి మాత్రం తిప్పలేదు.

అప్పటి నుంచి ఇల్లు మారిన ప్రతిసారీ, బంధువులకు ఇల్లు వెతికిపెట్టిన ప్రతిసారీ ఒకటే పద్ధతి పాటిస్తున్నాను. ఫ్లాటు లోపల నచ్చనివి చాలావరకు మార్చుకోవచ్చు. గోడకు రంగు వేయించవచ్చు, కర్టెన్ కట్టుకోవచ్చు, ఫ్యాను మార్చుకోవచ్చు. రోజూ వెళ్లే దారిని, వచ్చే నీళ్లను, ఇంటి ఓనరును మార్చుకోలేం. కాబట్టి ముందు ఆ మూడూ చూసి, ఫ్లాటును చివర్లో చూస్తాను. ఈ మార్గదర్శిలోనూ ముందు దారి సంగతి, ఆ తర్వాతే ఇల్లు చూడటం.

మొదటి మెట్టు: ఏ వైపు ఉండాలో తేల్చుకోండి

విశాఖ గుండ్రంగా పెరిగిన ఊరు కాదు. ఒక పక్క సముద్రం, మరో పక్క కొండలు ఉండటంతో పొడవుగా సాగింది. అనకాపల్లి నుంచి లంకెలపాలెం, కూర్మన్నపాలెం, గాజువాక, ఎన్ఏడీ కొత్త రోడ్డు, మద్దిలపాలెం, హనుమంతవాక, ఎండాడ, మధురవాడ మీదుగా ఆనందపురం దాకా పోయే 16వ నంబరు జాతీయ రహదారే ఊరికి వెన్నెముక. గాజువాక, మధురవాడ రెండూ ఊరి మధ్యలోని ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండు నుంచి దాదాపు సమాన దూరమే. కానీ ఆ రెంటి మధ్య ఊరు మొత్తం ఉంది. గాజువాక వైపున్న దువ్వాడ సెజ్‌లో (ప్రత్యేక ఆర్థిక మండలిలో) ఉద్యోగం చేస్తూ, అద్దె కాస్త తక్కువని మధురవాడలో దిగితే రోజూ రెండుసార్లు నగరాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు దాటాలి.

గాజువాక వైపు స్టీల్‌ప్లాంట్, దువ్వాడ సెజ్, పరవాడ ఫార్మాసిటీ, అచ్యుతాపురం సెజ్ ఉద్యోగులకు అనువు. బజారు, ఆసుపత్రులు, స్కూళ్లు అన్నీ చేరువలోనే ఉంటాయి. ఊళ్లోకి రాకుండానే నెలలు గడిచిపోతాయి. కాకపోతే రద్దీ, లారీలు, దుమ్ము ఎక్కువ. షిఫ్టు మారే వేళ స్టీల్‌ప్లాంట్ గేటు దగ్గర, సాయంత్రం గాజువాక జంక్షన్ దగ్గర ఒకసారి నిలబడి చూస్తే మీకే తెలుస్తుంది.

అనకాపల్లి సంగతి వేరు. 2013లో జీవీఎంసీలో (విశాఖ నగరపాలక సంస్థలో) కలిసింది, 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైంది. విశాఖకు శివారే అయినా దానికంటూ సొంత బజారు, సొంత జీవితం ఉన్న ఊరు అది. మెయిన్ లైన్ మీద రైల్వే స్టేషన్ ఉండటంతో సీజన్ టికెట్ తీసుకుని విశాఖకు రోజూ వెళ్లొచ్చేవాళ్లు ఎందరో ఉన్నారు. మీ ఆఫీసు విశాఖ రైల్వే స్టేషన్‌కో, దువ్వాడ స్టేషన్‌కో దగ్గరైతే అనకాపల్లిని తప్పక లెక్కలోకి తీసుకోండి. ఆఫీసు ఊరికి అవతలి కొసన రుషికొండలో అయితే మాత్రం ఆ ఆలోచన వదిలేయండి.

పెందుర్తి, వేపగుంట, గోపాలపట్నం వైపు కాస్త ప్రశాంతంగా ఉంటుంది. ఆనందపురం, పెందుర్తి, అనకాపల్లిని కలుపుతూ వెడల్పైన రోడ్డు వచ్చాక ఊళ్లోకి రాకుండానే రెండు వైపులకూ వెళ్లే వీలు కలిగింది. భార్యాభర్తల ఉద్యోగాలు చెరో దిక్కున ఉంటే నేను ఈ పక్కే చూడమంటాను. ఎవరు రాత్రి పొద్దుపోయి వస్తారో వాళ్ల ఆఫీసు వైపు కొంచెం మొగ్గండి.

మధురవాడ, పీఎం పాలెం, కొమ్మాది వైపు ఐటీ కొండలు, ఇంజినీరింగ్ కాలేజీలు, క్రికెట్ స్టేడియం ఉన్నాయి. కొత్త అపార్టుమెంట్లు ఎక్కువ, లిఫ్టూ పార్కింగూ బాగుంటాయి. మ్యాచ్ ఉన్న రోజు స్టేడియం చుట్టుపక్కల వీధుల్లో బండి బయటకు తీయడం కష్టం. ఇంకా ముందుకు వెళ్తే తగరపువలస, భీమిలి. సముద్రం మీద మక్కువతో భీమిలిలో ఇల్లు తీసుకునేవాళ్లకు ఉప్పుగాలి సంగతి కింద చెబుతాను.

ఏ ఏరియా అయినా ఇల్లు చూడకముందే ఒక పని చేయండి. ఒక మామూలు పనిరోజున, మీరు ఆఫీసుకు బయల్దేరే వేళకు అక్కడి బస్టాపులో నిలబడి, మీరు రోజూ ఎక్కబోయే బస్సే ఎక్కి ఆఫీసుకు వెళ్లి చూడండి. అనకాపల్లికి 500, గాజువాక వైపు 400, తగరపువలసకు 222, సింహాచలం, పెందుర్తి వైపు 28 నంబరు బస్సులు, బీచ్ రోడ్డు మీదుగా భీమిలికి 900కే. బస్సు ఎంతసేపటికి వచ్చింది, నిలబడటానికైనా చోటు దొరికిందా, దిగాక ఎంత నడిచారు అన్నవి రాసుకోండి. ఫోనులో మ్యాప్ చూపించే నిమిషాలకు, వర్షం పడే సోమవారం ఉదయం పట్టే నిమిషాలకు చాలా తేడా ఉంటుంది.

రెండో మెట్టు: అద్దె కాదు, నెల ఖర్చు లెక్కేయండి

ఒక ఉదాహరణ చూద్దాం. ఆఫీసుకు దగ్గరలో డబుల్ బెడ్‌రూమ్ 14,000, పదిహేను కిలోమీటర్ల అవతల 11,000 అనుకుందాం. తేడా 3,000. బండి మీద రోజుకు ముప్పై కిలోమీటర్లు అదనం, నెలకు పాతిక పనిరోజులకు 750 కిలోమీటర్లు. లీటరుకు యాభై కిలోమీటర్లు వచ్చే బండికి పదిహేను లీటర్లు, లీటరు 110 చొప్పున 1,650 రూపాయలు. బండి సర్వీసు, టైర్లు కలిపితే రెండు వేలు దాటుతుంది. రోజుకు గంటా గంటన్నర రోడ్డు మీద పోతుంది. మిగిలే వెయ్యి రూపాయల కోసం ఆ గంటన్నర ఇవ్వాలా అన్నది మీ ఇంటి పరిస్థితిని బట్టి ఆలోచించుకోండి. చిన్నపిల్లలున్న ఇంట్లో నేనైతే ఇవ్వను.

అద్దెకు పైన మెయింటెనెన్స్, కరెంటు, వేసవిలో నీళ్ల ట్యాంకర్ల వాటా, పార్కింగుకు విడిగా అడిగితే అదీ కలపండి. దిగేటప్పుడు ఒకేసారి చేతిలో ఉండాల్సింది అడ్వాన్సు, మొదటి నెల అద్దె, బ్రోకరు ద్వారా అయితే అతని కమీషను, సామాను బండి ఖర్చు. మన దగ్గర అడ్వాన్సు మామూలుగా రెండు మూడు నెలల అద్దె అడుగుతారు. అంతకు మించి అడిగితే ఎందుకో అడగండి.

మూడో మెట్టు: వెతకడం

ఆన్‌లైన్ ప్రకటనలు ధరల అంచనాకు పనికొస్తాయి. మంచి ఇళ్లు చాలావరకు అక్కడి దాకా రాకముందే పోతాయి. ఒక ఆదివారం ఉదయం ఏరియాకు వెళ్లి, బండి ఓ పక్కన పెట్టి వీధి వీధీ నడవండి. గేటుకు కట్టిన టు-లెట్ బోర్డులు చూడండి, వాచ్‌మన్‌లను పలకరించండి, ఇస్త్రీ బండి అతన్నీ కిరాణా కొట్టువాళ్లనూ అడగండి. ఏ ఫ్లాటు వచ్చే నెల ఖాళీ అవుతుందో ఓనరు కన్నా ముందు తెలిసేది వాళ్లకే.

బ్రోకరు దగ్గరకు వెళ్తే కమీషను ఎంతో ఇళ్లు చూడకముందే తేల్చుకోండి. అగ్రిమెంటు రాసుకున్నాకే ఇస్తానని చెప్పండి. ఇల్లు చూపించడానికే డబ్బు అడిగితే పక్కన పెట్టేయండి.

మోసం గురించి ఒక మాట. ఫొటోలు చక్కగా ఉంటాయి, అద్దె ఆశ్చర్యపడేంత తక్కువ ఉంటుంది. ఓనరు తాను సైన్యంలోనో నేవీలోనో పనిచేస్తున్నానని, బదిలీ మీద దూరంగా ఉన్నానని, గుర్తింపు కార్డు ఫొటో కూడా పంపి, ఇల్లు వేరేవాళ్లకు పోకుండా ముందు కొంత పంపమంటాడు. లేదా డబ్బు మీకే వస్తుందని చెప్పి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమంటాడు. డబ్బు అందుకోవడానికి ఎవరూ స్కాన్ చేయాల్సిన పని లేదు, పిన్ నొక్కాల్సిన పని అంతకన్నా లేదు. నేవీ కుటుంబాలు నిజంగానే ఎక్కువగా ఉండే ఊరు కాబట్టి మనవాళ్లు ఇలాంటి మాటలు త్వరగా నమ్ముతారు. ఇంట్లో కాలు పెట్టి చూడకుండా ఒక్క రూపాయి కూడా పంపవద్దు. ఒకవేళ పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.

నాలుగో మెట్టు: ఒకే ఇంటిని మూడు పూటలా చూడండి

నచ్చిన ఇంటిని ఉదయం ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఏడు తర్వాత ఒకసారి చూడండి. ఓనరు ఏమైనా అనుకుంటారేమోనని మొహమాటపడవద్దు. ఇల్లు చూడటానికి మూడుసార్లు వచ్చేవాళ్లు ఇల్లు జాగ్రత్తగా చూసుకుంటారని మంచి ఓనర్లకు తెలుసు.

ఉదయం వెళ్లేది నీళ్ల కోసం. విశాఖకు నీళ్లు ఏలేరు కాలువ నుంచి, తాటిపూడి, రైవాడ, మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్ల నుంచి వస్తాయి. కానీ శివారు అపార్టుమెంటులో ఆ నీళ్లు మీ వంటింటి కుళాయి దాకా వస్తాయా, కింద సంపు దాకానే వస్తాయా, అసలు కనెక్షనే లేక అంతా బోరేనా అన్నది ఒక్కో బిల్డింగుకు ఒక్కో కథ. వాచ్‌మన్ భార్యను పక్కకు పిలిచి నెమ్మదిగా అడగండి: "అక్కా, మున్సిపల్ నీళ్లు ఎన్ని గంటలకి వదులుతారు? రోజూనా, రోజు విడిచి రోజా? పోయిన ఏప్రిల్, మేలో ట్యాంకర్లు వేయించారా?" ఆమె చెప్పే జవాబు ఓనరు చెప్పేదానికన్నా నమ్మదగింది. మెట్ల కింద ప్లాస్టిక్ డ్రమ్ములు వరసగా పేర్చి ఉంటే, అడక్కుండానే జవాబు దొరికినట్టు.

తర్వాత వంటింటి కుళాయి తిప్పండి. కుళాయి మూతి చుట్టూ, బాత్రూమ్ టైల్స్ మీద తెల్లటి పొర గట్టిపడి ఉందేమో గోటితో గీకి చూడండి. వెంట ఒక సబ్బుముక్క తీసుకెళ్లి చేతులు కడుక్కోండి. నురగ రాక, చేతికి జిగురుగా తగులుతుంటే కఠిన జలం. పప్పు ఉడకదు, జుట్టు రాలుతోందని ఇంట్లో గొడవ మొదలవుతుంది, గీజరు త్వరగా పాడవుతుంది. ఒక చుక్క నాలుక మీద వేసుకుని ఉమ్మేయండి. తీరానికి దగ్గరగా ఉన్న బోర్లలో ఉప్పదనం వెంటనే తెలిసిపోతుంది. పై అంతస్తు ఫ్లాటు అయితే షవరు, కుళాయి ఒకేసారి తిప్పి ధార ఎలా ఉందో చూడండి. ఫ్లష్ చేసి, సింకులో బకెట్టు నీళ్లు ఒక్కసారిగా పోసి ఎంతసేపట్లో దిగుతున్నాయో గమనించండి.

వెళ్లేటప్పుడు ఒక తెల్లటి తడిగుడ్డ తీసుకెళ్లండి. పోర్టు, ఫ్యాక్టరీలు ఉన్న వైపు ఇల్లయితే బాల్కనీ గ్రిల్లును, కిటికీ పట్టీని ఆ గుడ్డతో ఒకసారి తుడవండి. మట్టి దుమ్ము అయితే ఎర్రగానో బూడిదగానో అంటుకుంటుంది. నల్లగా, కాటుక అంటినట్టు అంటుకుంటే అది బొగ్గు, పొగల దుమ్ము. ఉబ్బసం ఉన్నవాళ్లు, పసిపిల్లలు ఉన్న ఇంటికి అది సరిపడదు. అక్కడివాళ్లు బట్టలు బాల్కనీలో ఆరేస్తున్నారా, ఇంటి లోపల ఆరేస్తున్నారా చూసినా సంగతి తెలుస్తుంది. 2020 మే 7న ఆర్ఆర్ వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి గ్యాస్ లీకై మనుషులు చనిపోయాక, పక్కన ఏ ఫ్యాక్టరీ ఉంది, ఎంత దూరం అని అడగడం మన ఊళ్లో అతిజాగ్రత్త కాదు. మొహమాటం లేకుండా అడగండి.

మధ్యాహ్నం వెళ్లేది ఎండకు. పడమటి గోడ ఉన్న బెడ్‌రూమ్‌లో, పై అంతస్తులో రెండు గంటలకు పది నిమిషాలు కూర్చోండి. గోడ మీద అరచెయ్యి ఆనించండి. ఏసీ లేకుండా రాత్రి ఆ గదిలో పడుకోగలరా లేదా అప్పుడే తెలుస్తుంది. డాబా మీద తర్వాత కట్టిన పెంట్‌హౌస్‌లు తక్కువ అద్దెకు వస్తాయి. వాటిలో చాలావాటికి ప్లాను అనుమతి ఉండదు, ఎండకు కాగుతాయి, వానకు కారతాయి. నా మాట అడిగితే వద్దంటాను. విమానాశ్రయానికి దగ్గరి ఏరియాల్లో అయితే పగటి పూట శబ్దం కూడా వినండి. అది నేవీ విమాన స్థావరం కూడా కాబట్టి ప్రయాణికుల విమానాలు మాత్రమే ఎగురుతాయనుకోవద్దు.

కిటికీలు చూడటం మరువకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన రోజు ఈ ఊళ్లో ఉన్నవాళ్లకు స్లైడింగ్ కిటికీ అంటే ఏమిటో వేరుగా చెప్పనక్కర్లేదు. అల్యూమినియం పట్టాల్లో అద్దాలు గడగడలాడాయి, పట్టీ కింద నుంచి నీళ్లు మంచాల మీదికి చిమ్మాయి, ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. కిటికీ రెక్కను రెండు చేతులతో పట్టుకుని ఊపి చూడండి. వదులుగా ఊగితే, కింద గోడ మీద నీటి చారలు దిగి ఉంటే, రబ్బరు బీడింగు మార్పించమని దిగకముందే అడగండి. సముద్రానికి దగ్గరైతే గ్రిల్లు, తలుపు బందులు, ఏసీ బయటి యూనిట్ తుప్పు పట్టాయేమో చూడండి. ఉప్పుగాలికి ఫ్రిజ్ వెనకభాగం కూడా తుప్పు తినేస్తుంది. జనరేటరు లిఫ్టుకే ఉందా, మోటారుకు కూడా ఉందా అడగండి. కరెంటు పోయి మోటారు ఆగితే నీళ్లూ ఉండవు.

రాత్రి వెళ్లేది వీధి కోసం. బస్టాపు నుంచి గేటు దాకా నడవండి. వీధి దీపాలు వెలుగుతున్నాయా, కుక్కలు ఎక్కువగా ఉన్నాయా, ఆడపిల్ల ఒంటరిగా రాగలదా? పార్కింగు నిండాక మీ బండికి ఎక్కడ చోటు మిగిలింది? పక్క ఫ్లాట్లలో దీపాలు ఉన్నాయా? సగం ఖాళీగా ఉన్న బిల్డింగులో మెయింటెనెన్స్ భారం ఉన్నవాళ్ల మీదే పడుతుంది.

వీలైతే వాన వెలిసిన వెంటనే ఇంకోసారి వెళ్లండి. మధురవాడ, కొమ్మాది వైపు కొండవాలు లేఅవుట్లలో నీళ్లు పై నుంచి రోడ్డు మీదుగా కిందికి దిగుతాయి. సెల్లార్లోకి నీళ్లు వచ్చే బిల్డింగు ఏదో ఆ ఒక్క వాన చెప్పేస్తుంది.

ఐదో మెట్టు: కరెంటు మీటరు

దీనికి విడిగా చోటిస్తున్నాను, ఎందుకంటే దీన్ని చాలామంది పట్టించుకోరు. మీ ఫ్లాటుకు విడి సర్వీసు నంబరు ఉందా అని అడగండి. కొన్ని డాబా ఇళ్లలో రెండు పోర్షన్లకు ఒకే మీటరు ఉంటుంది, సబ్‌మీటరు పెట్టి సగం సగం కట్టుకుందాం అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. మన కరెంటు రేట్లు శ్లాబుల్లో ఉంటాయి, వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది. 2022లో వచ్చిన శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు 1.90, తర్వాత 75 దాకా 3.00, 125 దాకా 4.50, 225 దాకా 6.00, 400 దాకా 8.75, ఆ పైన 9.75. ఈ లెక్కన 150 యూనిట్లు వాడిన ఇంటికి 567 రూపాయలు. రెండు ఇళ్లకు విడి మీటర్లుంటే మొత్తం 1,134. అదే 300 యూనిట్లు ఒకే మీటరు మీద తిరిగితే 1,673. ఫిక్స్‌డ్ ఛార్జీలు, సర్దుబాటు ఛార్జీలు కలపకుండానే నెలకు 540 రూపాయల దాకా తేడా. వేసవిలో ఏసీలు వేస్తే ఇంకా పెరుగుతుంది.

విడి మీటరే ఉంటే సర్వీసు నంబరు తీసుకుని కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ యాప్‌లో బాకీ ఉందేమో చూడండి. పాత అద్దెదారు కట్టకుండా వెళ్లిపోయిన బిల్లు మీ తలకు చుట్టుకుంటుంది, ఫ్యూజు పీకేది మీ ఇంటికే.

ఆరో మెట్టు: ఓనరు ఎవరు?

ఇల్లు చూపించిన మనిషే ఓనరని అనుకోవద్దు. కరెంటు బిల్లు మీద పేరు, ఇంటి పన్ను రసీదు మీద పేరు చూపించమని మర్యాదగా అడగండి. "ఏమనుకోకండి బాబాయిగారూ, ఆఫీసులో హెచ్ఆర్ఏకి కాగితాలు అడుగుతారు" అంటే ఎవరూ నొచ్చుకోరు, పైగా అది నిజమే. పాత పన్ను విధానంలో హెచ్ఆర్ఏ (జీతంలో ఇచ్చే ఇంటి అద్దె భత్యం) మినహాయింపు తీసుకునేవాళ్లు ఏడాది అద్దె లక్ష దాటితే ఓనరు పాన్ నంబరు ఇవ్వాలి. పాన్ ఇవ్వనంటే తర్వాత గొడవ పడకుండా ముందే తెలుసుకోవాలి.

మధురవాడ వైపు కొత్త ఫ్లాట్లలో ఓనరు అమెరికాలో ఉండి, ఇక్కడ తల్లిదండ్రులో బంధువులో అద్దె వసూలు చేయడం మామూలే. ఫ్లాటు విదేశంలో ఉన్న కొడుకు పేరునే ఉంటే, అద్దె ఎంత తక్కువైనా అందులోంచి ముందే పన్ను (టీడీఎస్) కోసి కట్టే బాధ్యత అద్దెకుండేవాళ్ల మీదే పడుతుంది. ఇది చాలామందికి తెలియదు. అలాంటి ఫ్లాటు తీసుకునే ముందు ఆడిటరుతో ఒకసారి మాట్లాడండి. అగ్రిమెంటు మీద సంతకం పెట్టేవాళ్లకు ఓనరు ఇచ్చిన అధికార పత్రం ఉందో లేదో కూడా చూడండి.

ఇక ఓనరు స్వభావం. ఫ్లాటు ఖాళీ చేసి వెళ్తున్న కుటుంబం ఇంకా అక్కడే ఉంటే ఒక్క ప్రశ్న అడగండి: "మోటారు కాలిపోతే, లీకేజీ వస్తే ఎన్ని రోజుల్లో బాగు చేయించారు?" ఓనరు మంచివాడా అని అడిగితే అందరూ మంచివాడనే అంటారు. రోజుల లెక్క అడిగితే నిజం బయటకొస్తుంది.

ఏడో మెట్టు: మాట్లాడుకోవడం

ఆషాఢం, పుష్యమాసాల్లో మనవాళ్లు కొత్త ఇంట్లో పాలు పొంగించరు. ఆ నెలల్లో ఖాళీ అయిన ఇల్లు ఓనరుకు అద్దె రాకుండా పడి ఉంటుంది. మీకు పట్టింపు లేకపోతే బేరానికి అంతకన్నా మంచి సమయం లేదు. పట్టింపు ఉంటే ఆషాఢంలో మాట్లాడుకుని కొద్దిగా అడ్వాన్సు ఇచ్చి, శ్రావణంలో దిగవచ్చు. ఆ మధ్య రోజులకు అద్దె సగం తీసుకోమని అడగండి. శ్రావణం మొదలయ్యాక, స్కూళ్లు తెరిచే ముందు మేలో, బేరానికి చోటుండదు.

అద్దె తగ్గించమని అడగడం కంటే పని అడగడం తేలిక. రంగులు వేయించమనండి, దోమతెరల తలుపులు పెట్టించమనండి, గీజరు మార్పించమనండి. ఏటా ఎంత శాతం పెంచుతారో ఇప్పుడే మాట్లాడుకోండి. బంధువులు వస్తే రోజులు లెక్కపెడతారా, మాంసం వండితే అభ్యంతరమా, ఇంట్లో ట్యూషన్ చెప్పుకోవచ్చా, కుక్కపిల్లను పెంచుకోవచ్చా అన్నీ నోరు తెరిచి అడగండి. బ్యాచిలర్లు అయితే ఎంతమంది ఉంటారో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ముగ్గురని చెప్పి ఐదుగురు దిగితే, మీ తర్వాత వచ్చే కుర్రాళ్లకు ఆ వీధిలో ఇల్లు పుట్టదు.

ఎనిమిదో మెట్టు: అగ్రిమెంటు

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో ఏడాదికి మించిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అందుకే దేశమంతటా 11 నెలల అగ్రిమెంట్లు అలవాటయ్యాయి. మన రాష్ట్రంలో 1999లో ఆ సెక్షన్‌ను సవరించి, కాలంతో పని లేకుండా స్థిరాస్తి లీజులను రిజిస్ట్రేషన్ పరిధిలోకి తెచ్చారు. అంటే స్టాంపు పేపరు మీద రాసుకుని సంతకాలు పెట్టుకున్న 11 నెలల కాగితం అడ్రసుకు, హెచ్ఆర్ఏకు పనికి రావచ్చు గానీ, తగాదా కోర్టుకెళ్తే దాని బలం తక్కువ. అడ్వాన్సు పెద్ద మొత్తమైతే, మూడు నాలుగేళ్లు ఉండే ఆలోచన ఉంటే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టరు చేయించుకోవడమే మంచిది. ఖర్చు ఇద్దరూ సగం సగం పెట్టుకోవచ్చు.

రిజిస్టరు చేసినా చేయకపోయినా ఈ సంగతులు కాగితం మీదికి రావాలి: అడ్వాన్సు ఎంత, ఖాళీ చేశాక ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు, అందులో దేనికి కోసుకోవచ్చు. రంగుల ఖర్చు ఎవరిది. నోటీసు ఒక నెలా, రెండు నెలలా, అది రెండు వైపులా సమానమేనా. మోటారు, లిఫ్టు లాంటి పెద్ద రిపేర్లు ఎవరివి, కుళాయి వాషరు లాంటి చిన్నవి ఎవరివి. మెయింటెనెన్సులో ఏమేం కలిసి ఉన్నాయి. పార్కింగు చోటు నంబరు.

రంగుల మాట నోటితో అనుకుని వదిలేసినందుకు ఒకసారి మాకు ఒక నెల అద్దె పోయింది. నాలుగేళ్లు ఉన్న ఇంట్లో గోడలు మాసిపోవడం సహజమే కదా అన్నాం. "మీరు దిగినప్పుడు కొత్త రంగులమ్మా" అన్నారు ఓనరు. ఇద్దరిదీ తప్పు కాదు, కాగితంలో ఆ ఒక్క లైను లేదు.

అడ్వాన్సు, అద్దె రెండూ బ్యాంకు ద్వారానే పంపండి. నగదే కావాలంటే రసీదు అడగండి, 5,000 దాటితే రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు ఉండాలి. ఆధార్ కాపీ ఇచ్చేటప్పుడు చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీ ఇచ్చి, దాని మీద "ఇంటి అద్దె కోసం మాత్రమే" అని తేదీతో రాసి సంతకం పెట్టండి. ఓనరు పోలీసు వెరిఫికేషన్ అడిగితే కంగారు పడకండి, అది మామూలు జాగ్రత్తే.

తొమ్మిదో మెట్టు: దిగే రోజు

సామాను దించకముందు ఖాళీ ఇంటిని గది గదికీ వీడియో తీయండి. గోడ పగుళ్లు, టైలు విరుగుళ్లు, తలుపు గీతలు, పనిచేయని స్విచ్చులు అన్నీ రావాలి. మీటరు రీడింగు ఫొటో తీయండి. రెండూ అదే రోజు ఓనరుకు వాట్సాప్‌లో పంపి, "దిగేటప్పుడు ఇల్లు ఇలా ఉందండి" అని ఒక్క మాట రాయండి. తాళాలు ఎన్ని ఇచ్చారో లెక్క పెట్టుకోండి, మెయిన్ డోరుకు సొంత తాళం అమర్చుకోండి.

ముహూర్తం చూసుకునేటప్పుడు పంచాంగంతో పాటు ఊరి క్యాలెండరు కూడా చూడండి. ఆషాఢ పౌర్ణమికి ముందు సింహాచలం గిరి ప్రదక్షిణ రోజున కొండ చుట్టూ 32 కిలోమీటర్ల మేర లక్షల జనం నడుస్తారు, సామాను బండి కదలదు. అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక ఉందేమో చూసి బండి మాట్లాడుకోండి. గ్యాస్ కనెక్షన్ అడ్రసు మార్పు, పిల్లల స్కూలు బస్సు రూటు, ఇంటర్నెట్టు ఏ కంపెనీది ఆ బిల్డింగుకు వస్తుందో ఒక వారం ముందే చూసుకుంటే టెన్షన్ ఉండదు.

చివరిది: ఖాళీ చేయడం

నోటీసు నోటితో చెప్పి, అదే రోజు వాట్సాప్‌లో కూడా పెట్టండి. తేదీ ఉండాలి. అడ్వాన్సును ఆఖరి నెలల అద్దెలో సర్దుకోవడానికి ఒప్పుకుంటారేమో అప్పుడే అడగండి. చాలామంది ఒప్పుకుంటారు, అందరికీ అదే తేలిక. ఒప్పుకోకపోతే కరెంటు బిల్లు, మెయింటెనెన్స్ ఆఖరి పైసా దాకా కట్టి రసీదులు పక్కన పెట్టుకోండి. ఖాళీ చేసే ముందురోజు ఫ్యాన్లు తుడిచి, మేకులు పీకిన చోట తెల్ల పుట్టీ పూసి, బాత్రూమ్ కడిగించండి. ఓనరును ఇంటికి పిలిచి, దిగేటప్పుడు తీసిన వీడియో ఫోనులో పెట్టి, ఇద్దరూ కలిసి ఒక్కో గది చూడండి. మీటరు ముందు నిలబడి ఆఖరి రీడింగు ఫొటో తీసి, తాళాలు లెక్కపెట్టి చేతికి ఇచ్చి, మిగిలిన డబ్బు ఏ తేదీకి వేస్తారో అక్కడే మెసేజ్ పెట్టించుకుని బయల్దేరండి.